మహారాజశ్రీ వాలంటీర్ల జాబితా గారికి

మహారాజశ్రీ వాలంటీర్ల జాబితా గారి సముఖమునకు, మజ్జిగ గడిలో రెండో పేరుగల గృహిణి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మోకాళ్ళు తప్ప. మీ క్షేమం అడగక్కర్లేదు. మార్చి నెల పెట్టిందంటే మీ ఆరోగ్యానికి లోటుండదు.

స్కూలు వార్షికోత్సవం పనులు పంచడానికి గేటుకి వేలాడతారు మీరు. ఒక పరీక్ష అట్ట, దానికి క్లిప్పు, క్లిప్పుకి పురికొస, పురికొస చివర పెన్ను. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా కట్టారని మొదట్లో అనుకునేదాన్ని. పెన్ను పట్టుకున్న మనిషి పారిపోకుండా కట్టారని తర్వాత బోధపడింది. పైన ‘స్వచ్ఛందంగా’ అని ఉంటుంది, అడుగున ‘ఇంటికొకరు తప్పనిసరి’ అని ఉంటుంది. ఆ రెండు ముక్కల మధ్య ఎక్కడో ఒకచోట పేరు రాసి బయటపడాలి. మా మామగారు సంగతి విని, “వాలంటీరంటే నెలకి 5000 ఇచ్చేవారు కదమ్మా, నీకెంతిస్తారంట?” అన్నారు. ఒకప్పుడు ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టి వెళ్ళిన కుర్రాణ్ణి తలుచుకుని అడిగారు పాపం. ఇవ్వరండీ, అలంకరణ ఖర్చులకి మనమే ఇవ్వాలి అన్నాను. ఆయన మళ్ళీ పేపరు చదువుకోవడంలో పడ్డారు.

మీ గడులు చదువుతుంటే రెండు జిల్లాలు తిరిగొచ్చినట్టుంటుంది. పూలు: కడియం మీదుగా వచ్చేవాళ్ళు. పూతరేకులు: ఆత్రేయపురంలో చుట్టాలున్నవాళ్ళు. మడతకాజా: తాపేశ్వరం వైపు పనున్నవాళ్ళు. ఏడాది పొడుగునా పిల్లల డబ్బాలో ఒక్క క్రీము బిస్కట్టు కనబడితే చీటీ రాసి పంపే స్కూలే ఇది! ఇక షామియానా, మైకు, జనరేటరు, కుర్చీలు అన్న గడుల్లో తండ్రుల పేర్లు గుండ్రటి అక్షరాలతో ఉంటాయి. పేర్లే ఉంటాయి. ఒకాయనకి దాళ్వా కోతలు, మిషను ఇవాళే దొరికింది. ఇంకొకాయన చెరువులో తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతోంది. రొయ్య చచ్చిపోతోందన్నవాణ్ణి పట్టుకుని, మా కుర్చీలేవండీ అని ఎవరడుగుతారు? ఆ పేర్ల పక్కన చిన్నగా బాణంగుర్తు వేసి వాళ్ళ భార్యల పేర్లు రాసే అలవాటు ఎవరు పెట్టారో గానీ, ఆ బాణం ఇప్పటిదాకా ఎవరికీ గురి తప్పలేదు.

అయ్యా, ఈ బడి ఏ మహాతల్లి పేరు మీద నడుస్తోందో, ఆ ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి గురించి మీకెవరైనా చెప్పారా? బోర్డు మీద ఆ పేరున్నంత మాత్రాన లోపల ఆ పద్ధతి ఉండాలని లేదు, నిజమే. ఆ పేరుకి యజమాని ఎవరూ లేరు. ఎల్‌కేజీకే ర్యాంకులు ఫ్లెక్సీ వేసే వీధి బడి కూడా ‘మాంటిస్సోరి’ అని రాసుకోవచ్చు, రాసుకుంటోంది కూడా. కానీ మన బడి అలాంటిది కాదు. గులాబీ రంగు ఘనాలు పది, ఒక్క సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా, వరసగా ఉన్నాయి. లెక్కలు నేర్చుకునే బంగారు రంగు పూసలు ఉన్నాయి. బొత్తాలు పెట్టుకోవడం, ముడి వేసుకోవడం నేర్చుకునే చట్రాలున్నాయి. మూడేళ్ళవాడూ ఆరేళ్ళదీ ఒకే గదిలో ఉంటారు. అందుకే నా బాధ.

ఆవిడ 1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లోరెంజో అనే కూలీల పేటలో మొదటి బడి తెరిచింది. అక్కడి తల్లిదండ్రులు పొద్దున్నే పనులకి పోయేవారు. పిల్లలు ఇళ్ళ గోడలూ మెట్లూ పాడుచేస్తున్నారనే గోలతోనే ఆ బడి పుట్టింది. ఇంటికొకరు తప్పనిసరి అంటే ఆ పేటలో వచ్చే నాథుడు లేడు. అందుచేత పిల్లలే నీళ్ళు పోసుకున్నారు, పిల్లలే బల్లలు తుడుచుకున్నారు, పిల్లలే వడ్డించుకున్నారు. పిల్లాడు చేసుకోగల పని పెద్దవాళ్ళు చెయ్యకూడదు అన్నదే ఆవిడ మొత్తం చదువు. 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం ముంచుకొస్తే కొడైకెనాల్లో ఓ రెండేళ్ళు ఉండిపోయి, మన దేశంలో టీచర్లకి నేర్పిందీ ఇదే. ఏడాదిలో పదినెలలు మన బడిలో జరిగేదీ ఇదే. మిగిలిన ఆ కాస్త టైములోనే మీరు గేటెక్కుతారు.

ఈసారి మీ పనులు గరుకు కాగితం అక్షరాలతో మొదలు. పిల్లలు వేలితో దిద్దే అక్షరాలు ఏడాదికి అరిగిపోతాయిట, కొత్తవి కత్తిరించాలి. మాంటిస్సోరి గారి ఇటాలియనుకి 21 అక్షరాలు. మనకి 56, వత్తులూ గుణింతాలూ కాక. ‘ట’, ‘ర’ దగ్గర ఉత్సాహంగా ఉన్న తల్లులు ‘ఖ’ దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పెట్టొచ్చామని లేచిపోయారు. ‘ఝ’ నా వాటాకి వచ్చింది. మా అమ్మాయి కిటికీలోంచి చూసి, “అమ్మా, కత్తెర నాకివ్వు, నాకొచ్చు” అంది. వచ్చు కూడా, ఏడాదంతా గీత మీద కత్తిరించడమేగా దాని పని. ‘పిల్లలకి ప్రవేశం లేదు’ అని మీరే రాసి ఉంచారు, పంపేశారు.

తర్వాత వేషాలు. ఒక కృష్ణుడు, ఇద్దరు అల్లూరి సీతారామరాజులు, ముగ్గురు కాటన్ దొరలు. మన పక్క మరి, ఏ కాలవ గట్టు చూసినా గుర్రం మీద ఆయన విగ్రహమే. అద్దె బట్టల కొట్లో చెక్కగుర్రం మాత్రం ఒకటే దొరికింది. క్లాసులో ఏ వస్తువైనా ఒక్కటే ఉంటుంది కాబట్టి, ఒకడు వాడి జాగ్రత్తగా షెల్ఫులో పెట్టేదాకా ఇంకొకడు ఆగాలని పిల్లలకి మొదటి నెలలోనే తెలుసు. ముగ్గురు దొరలూ గుర్రం పక్కన బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ తల్లులు ముగ్గురూ నిలబడలేదు. ఆ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఈ గుర్రం పంచాయితీకి అంత టైము లేదు గనక, ఆఖరికి గుర్రమే స్టేజీ ఎక్కలేదు.

బొత్తాలు తమంతట తాము పెట్టుకునే ఆ దొరలకి ఒక్కొక్కరికి నలుగురేసి ఆడవాళ్ళం కోట్లు తొడిగాం. ఏప్రిల్ ఎండలో ఊలు కోట్లు!

ఇప్పుడు మజ్జిగ సంగతి. నేను రాసేది అసలు దీనికోసమే.

కుళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము తెచ్చాం. పిల్లలు దగ్గరికి రాకుండా తాడు కట్టించారు, ఒలకబోస్తారని. రోజూ చిన్న గాజు జగ్గుల్లోంచి చుక్క కింద పడకుండా పోసుకునే పిల్లలు తాడవతల నిలబడ్డారు. తాడివతల ఒక తండ్రిగారు (ఆయన్ని తప్పుపట్టను, వచ్చిన మగవాళ్ళు తక్కువ, వచ్చినందుకే సంతోషం) కుళాయి బిగుసుకుందని గట్టిగా తిప్పారు. కుళాయి ఆయన చేతిలోకి వచ్చేసింది. ఇక డెల్టా ఆఖరి భూములకి కూడా నీరందింది.

అప్పుడు మేమేం చేశాం? మీ దగ్గరికి వచ్చాం. ‘శుభ్రత’ అన్న గడిలో ఎవరి పేరుందో చూశాం. ఆయన రాలేదు. ఆయన బాణం కూడా రాలేదు, ఆవిడకి సఖినేటిపల్లి రేవులో పంటు ఆలస్యమయింది. మరి ‘అలంకరణ’వాళ్ళు తుడవచ్చా, అది ‘భోజనాల’వాళ్ళ కిందికి వస్తుందా అని ఒక మాటా మాటా నడుస్తోంది. ఈలోగా నెమలిపింఛం పెట్టుకున్న కృష్ణుడు తాడు కిందనుంచి దూరి క్లాసులోకి వెళ్ళి, చిన్న బకెట్టు, స్పాంజి తెచ్చాడు. వెనకాలే ఒక అల్లూరి పొడిగుడ్డతో వచ్చాడు. అంచుల్నుంచి మధ్యకి తుడవడం, పిండటం, మళ్ళీ తుడవడం. ఎవరూ చెప్పలేదు, ఎవరి పేరూ ఎక్కడా రాయలేదు. ఆరేళ్ళ పిల్ల ఒకతి మూడేళ్ళవాణ్ణి చెయ్యిపట్టి తడిలోంచి పక్కకి తప్పించింది. సగం తుడిచారో లేదో, “అయ్యో, అద్దె డ్రెస్సురా!” అని కేకేసి మనవాళ్ళు కృష్ణుణ్ణి అమాంతం చంకన వేసుకుపోయారు. గంటన్నర నుంచి కిరీటం గుచ్చుకుంటున్నా కిక్కురుమననివాడు అప్పుడు ఏడ్చాడు. పని మధ్యలో ఉన్న పిల్లాణ్ణి కదిలించకూడదని టీచరు ఆంటీలు మాకు జూన్‌లో చెప్పే మొదటి పాఠం. జూన్ సంగతి ఏప్రిల్‌లో ఎవరికి గుర్తు?

ముఖ్య అతిథి గారు వచ్చి ముప్పావుగంట క్రమశిక్షణ గురించి చెప్పారు. ఆ ముప్పావుగంటా నోరు మూసుకుని కూర్చున్నది పిల్లలొక్కరే. వాళ్ళకి నిశ్శబ్దం ఆట అని ఒకటుంది, కదలకుండా కూర్చుంటే దూరంనుంచి టీచరు గుసగుసగా ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. పాపం, ఆయన ఎప్పుడు పేరు పిలుస్తాడా అని చూశారేమో. మేం మాత్రం వెనక వరసల్లో ముంజలు ఎక్కడ దొరుకుతున్నాయో మాట్లాడుకుంటున్నాం.

పిల్లలకి బహుమతులు లేవు. బహుమతులూ శిక్షలూ వద్దని ఆవిడ అన్న మాట మన బడి నిలబెట్టుకుంది, సంతోషం. అందుకని షీల్డులు పెద్దవాళ్ళకి ఇచ్చారు, ‘ఉత్తమ వాలంటీరు’ అని. దాని మీద ఇద్దరు ఇంతవరకు మాట్లాడుకోవట్లేదు. షీల్డు అడుగున నా పేరు లేదని నేను ఇలా రాస్తున్నానని ఎవరైనా అంటే, వాళ్ళ పేరే ఉండి ఉంటుంది చూడండి.

కాబట్టి నా విన్నపం ఇదీ. వచ్చే మార్చిలో గేటుకి కట్టేటప్పుడు మిమ్మల్ని రెండడుగులు కిందకి దించమనండి. ఆ గదిలో షెల్ఫులూ బల్లలూ అన్నీ పిల్లల ఎత్తులోనే ఉంటాయి, మీరొక్కరే పెద్దల ఎత్తులో ఉన్నారు. పేరు రాయడం రానివాళ్ళు చెక్క అక్షరాలు పేర్చుకుంటారు. కడియం పూలు తేవడం మావంతు, చిన్న చిన్న గ్లాసుల్లో సర్దడం వాళ్ళకి వదిలేయండి. చాపలు పరవడం, చుట్టడం వాళ్ళు చేరిన వారంలోనే నేర్చుకున్నారు. అరటిపళ్ళు కోసి పెడతారు. మజ్జిగ చిన్న జగ్గుల్లో పోసి ఇస్తే డ్రమ్ము అద్దె కలిసొస్తుంది. ఒలికిందా, గుడ్డ ఎక్కడుందో వాళ్ళకి తెలుసు, మనకి తెలీదు.

కుర్చీలంటారా, చిన్నవి వాళ్ళే రెండు చేతులా పట్టుకుని చప్పుడు కాకుండా మోసుకెళ్తారు, ఆ పాఠం కూడా అయింది. పెద్ద కుర్చీల గడిలో మాత్రం మావాళ్ళ పేర్లు కొట్టేసి సప్లయి కంపెనీ ఫోన్ నంబరు రాసేయండి. ఎలాగూ చివరికి వాళ్ళకే ఫోన్ చేస్తున్నాం, అదేదో ముందురోజు చేస్తే పది రూపాయలు తగ్గుతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
మజ్జిగ – 2
(ఝ అక్షరం కూడా నాదే)