మేస్త్రీ ఊరికే గీసిస్తాడంట!

ఇండ్లకు ప్లాన్లు గీసేది నా పని. ఇప్పుడే ఒకాయన ఫోను. "ఇంటి ప్లాను గీసేదానికి ఇంత దుడ్డా అన్నా? మేస్త్రీ ఊరికే గీసిస్తానన్నాడు" అంట.

గీయనీ సామీ. ముగ్గుపిండితో నేల మీద గీస్తాడు. 30 లక్షల ఇల్లు కట్టేవాళ్లు, కాగితం కాడికొచ్చేసరికి వంకాయల బేరం మొదలుపెడతారు.

ఇంగ ఆ మేస్త్రీ ఎస్టిమేటు: "అడుక్కి ఇంత, అన్నీ కలిపి." ఆ 'అన్నీ'లో ఏమేముండాయో అడిగినారా? సంపు ఉండదు. సెప్టిక్ ట్యాంకు, బోరు, కరెంటు మీటరు ఉండవు. ప్రహరీ అసలే ఉండదు. 30 బై 43 స్థలమంటే మూడు సెంట్లు కూడా లేదు, దానికే చుట్టూ 146 అడుగుల గోడ! ఆరడుగుల పొడవు, వెడల్పు, లోతున సంపు తీస్తే 6,000 లీటర్లు పడతాయి, బాగుంది. మధ్యలో రాయి తగిలితే ఆ దుడ్డు ఎవరిది? కొలత మాత్రం స్లాబు అంచు నుంచి అంచుకు పట్టుకుంటాడు. సజ్జకు కూడా ఇంటి రేటే.

1000 చదరపు అడుగుల ఇంటికి మోటు లెక్కన 400 మూటల సిమెంటు, మూడున్నర నుంచి నాలుగు టన్నుల ఇనుప కమ్మీ. అదీ మామూలు నేలకు. ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని పక్క నల్లరేగడికి ఆ లెక్క పనికిరాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నాలుగడుగులు తవ్వి "గట్టి తగిలింది" అని పునాది లేపేస్తే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులొస్తుంది. దాంట్లో పుట్టీ కూరి రంగేస్తారు. మళ్లా ఎండాకాలానికి అదే పగులు, అదే చోట. మొదలే జేసీబీతో ఒక గుంత తీసి చూసింటే పునాది ఖర్చు ఆ పొద్దే తేలేది.

ఇదంతా ఒక ఎత్తు, సిద్ధాంతి ఒక ఎత్తు. స్థలం కొన్నప్పుడు రాడు, ముగ్గు పోసినప్పుడు రాడు. పిల్లర్లు లేచి, మెట్లకు కమ్మీ కట్టినాక వచ్చి "ఈశాన్యంలో మెట్లేంది?" అంటాడు. వాస్తు చూసుకోండి, ఎవరొద్దన్నారు? ప్లాను కాగితం మీద చూపించండి. అప్పుడు జరిపితే రబ్బరు ముక్కతో పోతుంది. ఇప్పుడు బ్రేకరు బాడుగ, పగలగొట్టే కూలి, కొత్తగా రెండు గుంతలు, కట్టిన కమ్మీ తుక్కు కిందికి. ఇంత జరుగుతాంటే పక్కన నిలబడి మేస్త్రీ ఏమంటాడు? "నేను అప్పుడే అనుకున్న్యా సార్" అంట. అనుకున్నోడివి నోరు తెరిచి చెప్పి చావొచ్చు కదా!