పూజ ఉంది, పఠనం ఏది?

జూన్‌లో కాలేజీలు తెరిచేసరికి నెల్లూరు, చిత్తూరు, గుంటూరు వైపు నుంచి చెన్నైకి వచ్చే తెలుగు విద్యార్థుల్లో కతోలిక కుటుంబాల పిల్లలూ ఉంటారు. 1925లో యేసుసభ (జెస్యూట్) గురువులు స్థాపించిన లయోలా, 1947లో ఫ్రాన్సిస్కన్ మఠకన్యలు ప్రారంభించిన స్టెల్లా మారిస్ లాంటి పేర్లు వీళ్లు తమ ఊరి విచారణ గురువుల (చర్చి ఫాదర్ల) నోట చిన్నప్పటి నుంచీ విన్నవే. ఇలాంటి విద్యాసంస్థల్లో పూజ (మాస్) ఉంటుంది, వడకం (ప్రార్థనలో, ధ్యానంలో గడిపే రిట్రీట్) ఉంటుంది, సేవా శిబిరాలు ఉంటాయి, క్రిస్మస్ పాటలు ఉంటాయి. విశ్వాసాన్నీ తాము చదివే శాస్త్రాన్నీ ఎదురెదురుగా పెట్టుకుని నలుగురూ తర్కించుకునే గంట మాత్రం చాలాచోట్ల టైమ్‌టేబుల్‌లో కనబడదు.

దీన్ని చిన్న లోటుగా మేం చూడటం లేదు. పిల్లలకు విశ్వాస పాఠాలు చెప్పే జ్ఞానోపదేశం సాధారణంగా పదో తరగతి దగ్గర ఆగిపోతుంది. ఫిజిక్సు, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం మాత్రం ఇరవై రెండేళ్లు వచ్చేదాకా పెరుగుతూనే పోతాయి. పరిణామవాదం గురించో, లోకంలోని దుఃఖం గురించో ల్యాబ్‌లో పక్కవాడు అడిగిన ప్రశ్నకు పదేళ్ల వయసులో కంఠస్థం చేసిన జవాబు సరిపోదు. అప్పుడు కొందరు నోరు మూసుకుంటారు, కొందరు పూజకు రావడం మానేస్తారు. ఆ ప్రశ్న అడగదగిందేనని, దానిమీద వందల ఏళ్లుగా పెద్ద చర్చే జరిగిందని వాళ్లకు చెప్పిన వాళ్లుండరు.

చెన్నైకి ఈ విషయంలో గొప్ప వారసత్వమే ఉంది. పారిస్‌లో ఎలీ కార్టాన్ దగ్గర గణితంలో డాక్టరేట్ చేసిన యేసుసభ గురువు చార్లెస్ రాసీన్ 1937లో మన దేశానికి వచ్చి, ఆ తర్వాత లయోలాలో దాదాపు మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పారు. పాతబడిన సిలబస్‌ను పట్టుకు వేలాడకుండా అప్పుడప్పుడే ఐరోపాలో పుడుతున్న గణితాన్ని విద్యార్థుల ముందు పెట్టారు. పరిశోధన చేయగలవాళ్లను గుర్తించి బొంబాయిలో కొత్తగా వచ్చిన పరిశోధన సంస్థ టాటా ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. పేరుమోసిన గణితవేత్తలు ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి ఆయన శిష్యులే. ఆ ఇద్దరి పేరున్న సిద్ధాంతం 1965లో వెలువడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితవేత్త మీనాక్షిసుందరం మీదా ఆయన ప్రభావం ఉంది. రాసీన్ క్లాసులో చెప్పింది గణితమే. సత్యాన్ని వెతకడమే దేవుణ్ణి సేవించడమని నమ్మిన గురువు గణితం ఎంత శ్రద్ధగా చెబుతాడో చూపించారు. కతోలిక మేధోజీవితం అంటే మా దృష్టిలో ముందు ఇదీ.

తెలుగు వాళ్లకు దీంట్లో సొంత వాటా కూడా ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగునాట పనిచేసిన ఫ్రెంచి యేసుసభ గురువు కూర్దూ తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ చుట్టరికం ఉందని 1767లో పారిస్ అకాడమీకి రాశారు. ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ అదే మాట కలకత్తాలో చెప్పింది 1786లో. కూర్దూ రాసింది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది, పేరంతా జోన్స్‌కు పోయింది. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

రెండో జాన్ పాల్ పోపుగారు 1990లో కతోలిక విశ్వవిద్యాలయాల గురించి ఇచ్చిన శాసనం, ప్రతి చోటా వేదాంత (క్రైస్తవ దైవశాస్త్ర) విభాగం, కనీసం ఒక వేదాంత పీఠమైనా ఉండాలంది. ప్రతి ఒక్కరి అంతఃకరణ స్వేచ్ఛనూ పూర్తిగా గౌరవించాలని కూడా అందులోనే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయనాల విభాగం ఉన్నా బీకాం, బీఎస్సీ పిల్లలు అక్కడిదాకా వెళ్లరు. కొత్త విభాగాల కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. వారానికి ఒక పఠన వేదికతో పని మొదలవుతుంది.

అందుకు ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. అంతకు మించితే సగం మంది శ్రోతలైపోతారు. చోటు గుడి కాకూడదు, బెంచీలు నేలకు బిగించిన క్లాసురూమూ కాకూడదు. అందరి ముఖాలూ కనబడేలా ఒక బల్ల, చుట్టూ కుర్చీలు కావాలి. వేళ సాయంత్రం నాలుగున్నర. ఏడు గంటలకు పెడితే ఆడపిల్లల హాస్టల్ గేటు సమస్య వస్తుంది, వాళ్లు రెండో వారానికే మానేస్తారు. ఒక వారానికి నాలుగు పేజీల పాఠం, రెండు ఏ4 కాగితాల మీద రెండు వైపులా ప్రింటు. ముందే చదువుకు రమ్మంటే ఎవరూ చదవరు, చదవనివాళ్లు సిగ్గుపడి రారు. కాబట్టి పదిహేను నిమిషాలు అక్కడే బిగ్గరగా చదవాలి. తర్వాత ఇరవై నిమిషాలు రచయిత ఏమన్నాడన్నదే మాట్లాడాలి, ఎవరి అభిప్రాయమూ వద్దు. ఆ పైన ఇరవై అయిదు నిమిషాలు అభ్యంతరాలకు. చివర పది నిమిషాలు గురువుకో అధ్యాపకుడికో, అయిదు నిమిషాలు వచ్చేవారం పనికి.

మొదటి పాఠంగా పదమూడో శతాబ్దపు దైవశాస్త్రవేత్త పునీత తోమా అక్వీనాసు రాసిన పెద్ద గ్రంథం ‘సుమ్మా’లోంచి ఒక అంశం తీసుకోవాలని మా సూచన. చాలా అంశాలు అచ్చులో చిన్నవే. ఆయన ముందు ప్రశ్న వేస్తాడు, వెంటనే తనకు ఎదురుగా ఉన్న వాదాలను బలంగా చెబుతాడు, ఆ తర్వాతే తన సమాధానం ఇచ్చి ఒక్కో వాదానికీ విడిగా జవాబు చెబుతాడు. పూర్వపక్షం (ఎదుటివాడి వాదం), సిద్ధాంతం (మన నిర్ణయం) తెలిసిన మన తర్కానికి ఇది పరాయి పద్ధతేమీ కాదు. దేవుడున్నాడా అన్న అంశంలో ఆయన పెట్టుకున్న పూర్వపక్షాలు రెండు. లోకంలో చెడు ఉంది కదా అన్నది ఒకటి, అంతా ప్రకృతితోనూ మనిషి సంకల్పంతోనూ వివరించవచ్చు కదా అన్నది రెండోది. హాస్టల్ గదిలో పిల్లలు గుసగుసగా అడిగేవి ఇవే. ఏడున్నర శతాబ్దాల కిందట ఒక పునీతుడే వాటిని మొదటి వరుసలో కూర్చోబెట్టాడని చూస్తే సందేహం పాపమన్న భయం సగం పోతుంది.

రెండో నెలలో నీటి గురించి చదవవచ్చు. ఫ్రాన్సిస్ పోపుగారి 2015 నాటి విశ్వలేఖ (లోకంలోని విశ్వాసులందరికీ పోపు రాసే లేఖ) ‘లౌదాతో సీ’లో 27 నుంచి 31 దాకా పేరాలు నీటి మీదే. సురక్షితమైన తాగునీరు మౌలిక మానవ హక్కని 30వ పేరా చెబుతుంది. 2019 ఎండాకాలంలో చెన్నై జలాశయాలు ఎండిపోయి ట్యాంకర్ల వెంట జనం పరుగెత్తిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. తెలుగు గంగ కింద ఏటా 12 టీఎంసీల కృష్ణా నీరు కండలేరు నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి రావాలన్నది ఒప్పందం. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి కాలువ లెక్కలు తేవాలి, లా విద్యార్థి రాజ్యాంగం 21వ అధికరణ (జీవించే హక్కు) కింద కోర్టులు ఏమన్నాయో చెప్పాలి, ఆర్థికశాస్త్రం చదివే అమ్మాయి పైపు నీటి ధరనూ ట్యాంకరు ధరనూ పక్కపక్కన పెట్టాలి. రాయలసీమ రైతు పొలాన్ని దాటి వచ్చే నీటి మీద నగరానికి ఎంత హక్కు అన్న ప్రశ్న తెలుగు పిల్లలు అడగకపోతే ఎవరు అడుగుతారు? ఆ గంటలో విశ్వాసం, చదువు, ఊరు మూడూ ఒకే బల్ల మీదికి వస్తాయి. కతోలికులు కాని సహాధ్యాయులనూ పిలవాలి. వాళ్లు లేకపోతే పూర్వపక్షం నిజాయితీగా ఉండదు.

ఇలాంటివి ఎక్కడ చెడతాయో కూడా చెప్పాలి. గురువుగారి పది నిమిషాలు నలభై అయితే అది ప్రసంగమే అవుతుంది, పిల్లలు మర్యాదగా విని మరుసటి వారం రారు. గడియారం ఒక విద్యార్థి చేతిలో ఉండాలి. హాజరుకు క్రెడిట్లు, సర్టిఫికెట్లు పెడితే గది నిండుతుంది, చర్చ చస్తుంది. ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన ఇద్దరే మాట్లాడుతుంటే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఏడాదంతా నోరు విప్పదు. పాఠం ఇంగ్లీషులో ఉన్నా మొదటి విడత తెలుగులో, ఒక్కొక్కరూ ఒక్క వాక్యమైనా చెప్పేలా ఉండాలి. ఒక్క కాలేజీలో తెలుగువాళ్లు చాలకపోతే రెండు మూడు కాలేజీలు కలవాలి. 1924లో పుట్టిన కతోలిక విద్యార్థుల జాతీయ సంఘం ఐకఫ్ కేంద్ర కార్యాలయం నుంగంబాక్కం స్టెర్లింగ్ రోడ్డులోనే ఉంది కనుక చోటు అడగడానికి దూరం పోనక్కర్లేదు.

సెమిస్టరుకు పది వారాలకు మించి పెట్టుకోవద్దు. ఇంటర్నల్ పరీక్షల వారం ముందే వదిలేయాలి. ఎక్కువ వేదికలు ఏప్రిల్‌లో చస్తాయి, నడిపించిన ఫైనలియర్ పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి. రెండో సంవత్సరం విద్యార్థులు ఇద్దరిని జనవరిలోనే ఎంచి, మిగిలిన వారాలు వాళ్ల చేతే నడిపించాలి. చాప్లెన్లను (కాలేజీలో ఆధ్యాత్మిక బాధ్యత చూసే గురువులను), ప్రిన్సిపాళ్లను మేం కోరేది వారానికి ఒక గది, ప్రింట్లకు కాస్త డబ్బు, ఓపిగ్గా వినగల ఒక అధ్యాపకుడు. జూలై మొదటి వారానికి ఇవి సిద్ధం చేయడం ఏ కాలేజీకీ కష్టం కాదు.