నోరు విప్పనివ్వకుండా సాఫ్ట్ స్కిల్స్ ఎలా వస్తాయి?

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకటే హడావుడి. ఫైనలియర్ పిల్లలను సెమినార్ హాల్లో కూర్చోబెట్టి వారం, పది రోజులు సాఫ్ట్ స్కిల్స్ నేర్పుతారు. టై ఎలా కట్టుకోవాలి, చెయ్యి ఎలా కలపాలి, ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే ఏం చెప్పాలి అని. ఆమధ్య అలాంటి ఒక కాలేజీకి మాక్ ఇంటర్వ్యూలు చేయడానికి వెళ్లాను. పొద్దుటి నుంచి ఎవరిని అడిగినా ఒకటే పాఠం అప్పజెప్పారు. హార్డ్ వర్కర్‌ని, టీమ్ ప్లేయర్‌ని అంటారు. బలహీనత ఏంటంటే పర్‌ఫెక్షనిస్టునంటారు.

మధ్యాహ్నం నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు. చొక్కా కాలరు చెమటతో తడిసిపోయింది. “తెలుగులోనే చెప్పు బాబూ, మీ ప్రాజెక్టులో ఏది పనిచేయలేదు?” అన్నాను. బోరు మోటారుకు సెన్సర్ పెట్టి ఫోనుకు మెసేజ్ పంపే ప్రాజెక్టు అది. వోల్టేజ్ పడిపోయినప్పుడు రీడింగ్ ఎలా తప్పు వస్తోందో, ఏ సమయంలో వస్తోందో ఐదు నిమిషాల పాటు తడుముకోకుండా చెప్పాడు. మరి గైడ్ మేడమ్‌కు చెప్పావా అంటే తల దించుకున్నాడు. “ఏమనుకుంటారోనని చెప్పలేదు సార్.”

పదేళ్లుగా మనం సాఫ్ట్ స్కిల్స్ పేరుతో చేస్తున్న ఖర్చంతా ఆ ‘ఏమనుకుంటారో’ దగ్గరికి వెళ్లడమే లేదు. తెలంగాణలో టాస్క్ అనే నైపుణ్య శిక్షణ సంస్థ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉంది, కాలేజీల్లో ఇంగ్లిష్ కమ్యూనికేషన్ ల్యాబులున్నాయి. ఇవన్నీ తెలిసిన సంగతులే. అసలు సాఫ్ట్ స్కిల్స్ అన్న మాట పుట్టింది అమెరికా సైన్యంలో. యంత్రాలతో చేసే పని వేరు, మనుషులతో నెగ్గుకొచ్చే పని వేరు అని చెప్పడానికి 1972 నాటికే అక్కడి శిక్షణాధికారులు దీన్ని వాడుతున్నారు. మన దగ్గరికి వచ్చేసరికి అది ఇంగ్లిషు, చిరునవ్వు, ఇస్త్రీ చొక్కాగా కుదించుకుపోయింది.

సాఫ్ట్ స్కిల్ అంటే ఏమిటో నాకు అర్థమైంది ఒక విమాన ప్రమాదం గురించి చదివాక. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, రన్‌వే మీదే రెండు బోయింగ్ 747లు ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. పొగమంచు, రేడియోలో తికమకపడిన మాటలు, ఆలస్యమైపోతోందన్న తొందర, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కానీ కాక్‌పిట్ రికార్డులో ఒక చిన్న సంభాషణ ఉంది. నెదర్లాండ్స్ సంస్థ కేఎల్ఎం విమానం పరుగు మొదలుపెట్టాక వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది. ఎదుట ఉన్న అమెరికా సంస్థ పాన్‌యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమో అని అడిగాడు. కెప్టెన్ ఆ సంస్థలో పేరున్న సీనియర్, ఎందరో పైలట్లకు శిక్షణ ఇచ్చినవాడు. అనుమానమే లేదన్నట్టు తీసిపారేశాడు. ఇంజినీరు మళ్లీ నోరెత్తలేదు. అతను అడిగింది సొంత డచ్చి భాషలోనే. ఇంగ్లిష్ రాక ఆగిపోలేదు. పెద్దాయన కాదన్నాక రెండోసారి అనలేక ఆగిపోయాడు.

విమానయాన రంగం ఇలాంటి ప్రమాదాల నుంచి పాఠం నేర్చుకుంది. 1979లో నాసా వర్క్‌షాపుతో మొదలై క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ వచ్చింది. కింది వాడు అనుమానాన్ని సూటిగా చెప్పాలి, వినకపోతే మళ్లీ చెప్పాలి. కెప్టెన్ దాన్ని ధిక్కారంగా తీసుకోకూడదు. 1989లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం తోక ఇంజన్ పేలి, విమానాన్ని అదుపు చేసే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయినప్పుడు కెప్టెన్ ఆల్ హేన్స్ అందరి సలహా తీసుకున్నాడు. ప్రయాణికుల్లో ఉన్న ఒక పైలట్ శిక్షకుణ్ణి కూడా కాక్‌పిట్‌లోకి రానిచ్చాడు. ఉన్న 296 మందిలో 184 మంది బతికారు. మేం బతకడానికి ఆ శిక్షణ కూడా ఒక కారణమని హేన్స్ ఆ తర్వాత ఎన్నోచోట్ల చెప్పాడు.

ఇప్పుడు హైటెక్ సిటీలో ఏ ఆఫీసుకైనా రండి. పొద్దున పది గంటల కాల్. టెస్టు ఫెయిలవుతోందని జూనియర్ అమ్మాయికి ముందురోజు రాత్రే తెలుసు. మేనేజర్ “శుక్రవారానికి అయిపోతుందిగా?” అంటాడు. “అయిపోతుంది సార్” అంటుంది. శుక్రవారం రాత్రి రెండింటికి టీమంతా మేలుకొని టెన్షన్ పడుతుంది. ఆ అమ్మాయి ఇంగ్లిష్‌కు వంక పెట్టలేం, కాల్‌లో చక్కగానే మాట్లాడింది. ‘కాదు సార్, మంగళవారం దాకా పడుతుంది’ అన్న మాటే రాలేదు.

క్లయింట్ డల్లాస్‌లో ఉంటే ఇంగ్లిష్ లేకుండా ఎలా అని అడుగుతారు. నిజమే, ఇంగ్లిష్ కావాలి, పిల్లలు నేర్చుకోవాలి. పల్లెల నుంచి వచ్చిన వేలమంది ఉద్యోగంలో చేరాక ఆరు నెలల్లో, ఏడాదిలో నేర్చుకుంటూనే ఉన్నారు. భయం మాత్రం అలా పోదు. పదేళ్ల అనుభవం వచ్చాక కూడా అలాగే ఉండి, చివరికి కింది వాళ్ల నోరు నొక్కే మేనేజర్‌ను తయారు చేస్తుంది.

ఆ భయం పడింది బడిలో. ‘అడగందే అమ్మయినా పెట్టదు’ అనే సామెత ఉన్న భాష మనది. క్లాసులో చెయ్యెత్తిన పిల్లవాడికి మాత్రం ‘ఎక్కువ మాట్లాడకు’ అని చెబుతాం. ఇంటర్‌కు వచ్చేసరికి స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు. డౌట్ అడిగితే సిలబస్ ఆగిపోతుందంటారు. దీనికి తోడు భాష. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం అంటూ జీవో వచ్చింది, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గొడవలో ఉద్యోగాల గురించి విన్నాం, సంస్కృతి గురించి విన్నాం. ఆరేళ్ల పిల్ల ‘ఎందుకు?’ అని ఏ భాషలో అడుగుతుంది అన్నది నాకు వాటికంటే పెద్ద ప్రశ్న. అడగడానికి మాటలు లేని చోట పిల్లలు అడగడమే మానేస్తారు. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది ఊరికే కాదు. ఇరవై ఏళ్లు మూయించిన నోటిని పది రోజుల శిక్షణతో తెరిపిస్తామంటే నేను నమ్మను.

కాలేజీలు ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఒకటుంది. ప్రాజెక్టు వైవాలో ‘ఏది పనిచేయలేదు, ఎవరికి చెప్పావు?’ అన్న ప్రశ్నకు మార్కులు పెట్టండి. ఆ రోజు ఆ అబ్బాయిని గైడ్ మేడమ్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. విషయం వినగానే ఆమె, “అయ్యో, ముందే చెప్పి ఉంటే రెగ్యులేటర్ పెట్టించేదాన్ని కదరా” అన్నారు. వాడు అప్పటికే కిట్ తీసుకురావడానికి ల్యాబ్ వైపు పరుగెత్తుతున్నాడు.