దయచేసి పార్ట్ టూ పూర్తి చేయకండి

తిరుపతి బైరాగిపట్టెడలో మా అక్క వాళ్ల మిద్దె మీద ఒక రేకుల గది ఉంది. ఎండాకాలంలో ఆ గదిలో వడియాలు పెడితే ఎండడం కాదు, ఏకంగా వేగిపోతాయి. ఆ గదిలో మా మేనల్లుడు, వాడి ముగ్గురు స్నేహితులు కలిసి నాలుగేళ్లుగా ఒక వీడియో గేమ్‌కి పార్ట్ టూ తయారు చేస్తున్నారు. ఇంతవరకు ఒక్క నిమిషం ఆడే ఆట కూడా మెట్లు దిగి కిందికి రాలేదు కాబట్టి చుట్టుపక్కల జనం, అందరికంటే ఎక్కువగా మా బావ, వాళ్లని సోమరిపోతులంటున్నారు. ఈ అన్యాయాన్ని ఖండించడానికే ఇది రాస్తున్నాను. నా వాదన ఒకటే: గేమ్ సీక్వెల్ అనేది బయటికి రానంతకాలమే బాగుంటుంది. విడుదల చేయడమంటే ఓపిక లేనివాళ్లు చేసే పని.

డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే సీక్వెల్ గేమ్ సంగతే చూడండి. 1997లో ప్రకటించారు. ఎప్పుడొస్తుంది స్వామీ అని అడిగితే 'అయినప్పుడు' అన్నారు. మా వీధి టైలరు కూడా పండక్కి ఇచ్చిన చొక్కా గురించి సరిగ్గా ఇదే మాట అంటాడు గానీ ఆయన్ని ఎవరూ మేధావి అనలేదు, పైగా అడ్వాన్సు వెనక్కి ఇమ్మన్నారు. సరే, వాళ్లు మొదట క్వేక్ 2 ఇంజిన్ మీద మొదలుపెట్టారు, 1998లో అన్‌రియల్ ఇంజిన్‌కి మారారు, అంటే చేసిన దాంట్లో చాలావరకు పక్కన పడేసి మళ్లీ అఆల దగ్గరికి వచ్చారు. 2009లో డబ్బు అడుగంటి టీమ్‌ని ఇంటికి పంపేశారు. అక్కడితో ఆగి ఉంటే ఎంత గౌరవంగా ఉండేది! ఆగలేదు. ఇంకో కంపెనీ చేతిలోకి తీసుకుని పూర్తి చేసి 2011 జూన్‌లో విడుదల చేసేసింది. 14 ఏళ్లు మచ్చలేకుండా బతికిన గేమ్‌ని విమర్శకులు ఉతికి ఆరేశారు. ఇంకో ముచ్చట వినండి. 2022లో ఆ గేమ్‌దే 2001 నాటి సగం సగం కాపీ ఒకటి ఇంటర్నెట్‌లోకి లీకైతే, అభిమానులు దాన్ని కళ్లకద్దుకుని ఇది వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అన్నారు. పూర్తయినదానికి తిట్లు, పూర్తికానిదానికి హారతి. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మధ్యలో ఒక మాట. ఇంజిన్ అంటే తెలియని వాళ్లకి చెప్తున్నాను, తెరమీద బొమ్మ గీయడం, దేనికేది తగిలితే ఏమవుతుందో లెక్కకట్టడం, వెలుగునీడలు, చప్పుళ్లు, ఇవన్నీ చూసుకునే అడుగుపునాది సాఫ్ట్‌వేర్. ప్రతి గేమ్‌కీ దాన్ని మొదట్నుంచి రాసుకోలేరు కాబట్టి తయారుగా ఉన్నదాన్ని తెచ్చుకుంటారు. మా వాడు నాలుగేళ్లలో మూడుసార్లు ఇంజిన్ మార్చాడు. వాడు తయారు చేసేది షేర్ ఆటో గేమ్ కావడం వల్ల, మా అక్క ఇప్పటికీ వీళ్లు నిజం ఆటో ఏదో కొన్నారనే అనుకుంటోంది. మొదటిసారి "మా, ఇంజిన్ మార్చాల" అని వాడంటే పాపం ముప్పై వేలు తెచ్చి చేతిలో పెట్టింది. ఆ డబ్బుతో వాళ్లు ఏసీ కొన్నారు. రేకుల గది కదా, ఇంజిన్‌కి చల్లదనం ముఖ్యం.

గేమ్ ఏంటంటే, బస్టాండు దగ్గర జనాన్ని ఎక్కించుకుని అలిపిరిలో దించాలి. ఆటోలో ఎంతమంది పడతారనేది మీ నైపుణ్యం. వినడానికి బాగానే ఉంది కదా అని ఒకరోజు నేను, "ఇది పార్ట్ టూ అంటున్నావే, మరి పార్ట్ వన్ యాడుంది రా?" అని అడిగాను.

"దాన్ని వదిలేసినాం మామా" అన్నాడు, వదిలేసిన మేకపిల్ల గురించి చెప్పినంత తేలిగ్గా. "దాంట్లో మంచి ఐడియాలన్నీ పార్ట్ టూలోకి తెచ్చేసినాం. పార్ట్ టూ లోంచి తీసేసినవి పార్ట్ త్రీకి దాచిపెట్టినాం."

నవ్వకండి. ఇది పెద్దవాళ్లు నడిచిన బాటే. హాఫ్ లైఫ్ 2 అనే గేమ్‌లో బోరియాలిస్ అని మంచులో చిక్కుకున్న ఓడ ఒకటి మొదట అనుకున్నారు, తీసేశారు. తర్వాత ఆ గేమ్‌కి కొనసాగింపుగా తీసిన ఎపిసోడ్ టూలో ఓడ పేరెత్తి, ఎపిసోడ్ త్రీలో చూద్దురుగాని అన్నట్టు ఊరించారు. ఎపిసోడ్ టూ 2007 అక్టోబరులో వచ్చింది, గుండె బరువెక్కే చోట కథ ఆపేశారు. ఎపిసోడ్ త్రీ రాలేదు. ఆ ఓడ ఇంకా మంచులోనే ఉంది. 2024 నవంబరులో, అసలు గేమ్‌కి 20 ఏళ్లు నిండిన సందర్భంగా దాన్ని తయారు చేసిన వాల్వ్ కంపెనీ వాళ్లు ఒక డాక్యుమెంటరీ విడుదల చేశారు. ఆ రాని గేమ్‌లో ఏమేం ఉండేవో అందులో చూపించారు. మంచు చిమ్మే తుపాకీ ఒకటి, దాంతో గోడ కట్టుకోవచ్చు, దారి వేసుకోవచ్చు. జెల్లీలాగా సాగే జీవి ఒకటి. కథ ముందుకు నడపడం కోసం మాత్రమే గేమ్ తీస్తే ఆడేవాళ్లకి అన్యాయం చేసినట్టే అనే అర్థంలో కంపెనీ పెద్దాయన గేబ్ న్యూవెల్ చెప్పుకొచ్చాడు. అంటే గేమ్ ఇవ్వకపోవడం మన మీద గౌరవం. నేను ఈ వాక్యాన్ని ప్రింటు తీసి మా బావకి ఇచ్చాను. ఆయన దాంట్లో వేరుశెనక్కాయలు పొట్లం కట్టుకున్నాడు.

ఆ మంచు తుపాకీ నిజంగా వచ్చి ఉంటే ఏమయ్యేది? వారం రోజులు ఆడేవాళ్లు, గురి సరిగా లేదని తిట్టేవాళ్లు, మర్చిపోయేవాళ్లు. రాలేదు కాబట్టి 17 ఏళ్ల తర్వాత కూడా పెద్దపెద్దవాళ్లు కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. తిరుపతివాళ్లకి దీన్ని కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కొండమీద కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాళ్లని చూడండి, గేటు ఎప్పుడు తీస్తారో తెలియదు, కాసేపటికి పాలొస్తాయి, ఇంకాసేపటికి ఉప్మా వస్తుంది, పక్కన కూర్చున్న కర్నూలువాళ్లతో చుట్టరికం కలుస్తుంది, ఒక్కోసారి పెళ్లి సంబంధం కూడా తేలుతుంది. దర్శనం రెప్పపాటులో అయిపోతుంది. ఇంటికెళ్లాక ఏడాదంతా చెప్పుకునేది మాత్రం కంపార్ట్‌మెంట్ గురించే.

ఇక అసలు గొడవకి వస్తాను. మా వాళ్లు వదిలేసిన ఐడియాల్లో ఒకటి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్రపట్టదు. మా గంగమ్మ జాతర తెలుసు కదా, మే నెలలో జరుగుతుంది. ఊరిని ఏడిపించిన పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటే, వాడిని బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషం వేసిందని కథ. అందుకే ఇప్పటికీ జనం బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వరసగా వేషాలు కడతారు. ఒకరోజు ఒళ్లంతా సుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గుపొడి, ఒకరోజు గంధం. దొర వేషం రోజు వాడు మోసపోయి బయటికొచ్చాడు, తల తెగింది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చింది కూడా. ఇప్పుడు మీరే చెప్పండి, రోజుకో వేషం, ప్రతి వేషానికీ వేరే శక్తి, దాక్కున్న విలన్, గడువు ఒక వారం. ఇది జాతరా, గేమ్ డిజైన్ డాక్యుమెంటా?

2000లో జపాన్ కంపెనీ నింటెండో వాళ్లు జెల్డా మేజోరాస్ మాస్క్ అని ఒక గేమ్ తెచ్చారు. అంతకుముందు 1998లో వచ్చిన ఒకారినా ఆఫ్ టైమ్‌కి సీక్వెల్ అది. మొదట అక్కడి పెద్దాయన మియమోటో ఆ పాత గేమ్‌నే కాస్త తిరగేసి కష్టంగా చేయమంటే, గేమ్ తీసే అవోనుమాకి ఇష్టం లేకపోయింది, అయితే ఏడాదిలో కొత్తది చేసి చూపించు అన్నాడు మియమోటో. అంత తక్కువ టైములో అంత పెద్ద లోకం కట్టలేరు కాబట్టి, ఉన్న చిన్న ఊరినే మళ్లీ మళ్లీ అవే రోజుల్లో తిప్పారు. చంద్రుడు ఊరిమీద పడబోతుంటాడు, గడువులోపల ఆపాలి. హీరో ముఖానికి ఒక్కో మాస్క్ పెట్టుకుంటే ఒక్కో రూపం వస్తుంది. ఆ గడువు ఎంత అనుకున్నారో తెలుసా మొదట? వారం! ఏ రోజు ఎవరు ఎక్కడుంటారో అన్నేసి రోజులు గుర్తుపెట్టుకోవడం ఆడేవాళ్ల వల్ల కాదని తర్వాత 3 రోజులకి కుదించారు. వారం, వేషాలు, ఊరి మీద ఆపద. ఎవరో జపాన్ ఆయన తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా వచ్చి నోట్సు రాసుకుని వెళ్లి ఉంటాడని నా గట్టి అనుమానం. ఆధారం అడక్కండి, ఇలాంటి విషయాల్లో మన దేశంలో ఎవరూ అడగరు.

మా వాళ్లు ఈ ఐడియాని చేతిలో పెట్టుకుని ఏం చేశారు? ఆటో డ్రైవరు రోజుకో వేషం వేసేట్టు మొదలుపెట్టారు. ఏడు వేషాలన్నారు, బొమ్మలు గీసే పిల్లోడికి జ్వరమొస్తే మూడన్నారు, తర్వాత ఒకటే వేషం, చివరికి ఖాకీ చొక్కాకి రంగు మార్చుకునే ఆప్షన్ మిగిలింది. జాతరలో అమ్మవారి పేరుతో బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే కాబట్టి, గేమ్‌లో పోట్లాట బదులు తిట్లు పెడదామన్నారు. అడ్డమొచ్చిన బస్సుని తిడితే దాని బలం తగ్గుతుంది. ఐడియా అద్భుతం. గొంతు ఎవరిది? మా అమ్మది. ఆమె పుట్టింది తాతయ్యగుంట పక్క వీధిలో, వయసు డెబ్బై ఆరు. రికార్డింగ్ కోసం మైకు పెట్టి, ఏసీ ఆపి, "అమ్మమ్మా, నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు" అన్నారు. నలభై నిమిషాలు ఆగకుండా తిట్టింది. ఒక్క తిట్టూ రెండోసారి రాలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకున్న పిల్లోడు పదో నిమిషంలో హెడ్‌ఫోన్ తీసేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ ఫైలుని ఇప్పటివరకు ఎవరూ పూర్తిగా వినలేదు. ఏ వయసువాళ్లకి తగిన గేమ్ అని ముద్ర వేయించాలో తేలక ఐడియా మొత్తం తీసేశారు.

ఎర్రచందనం మిషన్ కూడా ఒకటుండేది, మా అక్క ఏడ్చిందని తీసేశారు. దాని గురించి ఇంతకన్నా రాయను.

వదిలేసింది వృథా పోతుందని బాధపడేవాళ్లు మన వంటిళ్లలోకి తొంగిచూడాలి. పొద్దున మిగిలిన ఇడ్లీ సాయంత్రానికి ఇడ్లీ ఉప్మా అవుతుంది, ఒక్కోసారి ఇడ్లీకంటే ఉప్మాకే గిరాకీ. రెసిడెంట్ ఈవిల్ 4 అనే గేమ్ కోసం చేసుకున్న ఒక ప్రయత్నం మరీ దూకుడుగా ఉంది, ఇది మన సిరీస్‌లా లేదని పక్కనపెడితే అదే డెవిల్ మే క్రై అయి 2001లో సొంతంగా హోటల్ పెట్టేసింది. ఆ తర్వాత ఇంకా కొన్ని వండి పారబోశాక గానీ అసలు 4 రాలేదు, 2005 వచ్చేసింది. అంతకుముందు రెండో భాగానికీ ఇదే కథ. చాలావరకు తయారైన గేమ్‌ని మొత్తం అవతల పారేసి మళ్లీ మొదలుపెట్టారు. అందులో ఎల్జా వాకర్ అనే హీరోయిన్ ఉండేది, ఆమె పోయి క్లెయిర్ వచ్చింది. రాని ఎల్జా కోసం ఇప్పటికీ బెంగపెట్టుకున్నవాళ్లున్నారు. క్లెయిర్ వచ్చింది కాబట్టి ఆమె కోసం ఎవరూ బెంగపెట్టుకోరు.

నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి, నా వాదనకి అడ్డం పడే దుర్మార్గులు కొందరున్నారు. సిల్క్‌సాంగ్ అనే గేమ్ తీసినవాళ్లు. ముగ్గురు నలుగురే మనుషులు. తమ పాత గేమ్ హాలో నైట్‌కి చిన్న అదనపు ముక్కగా మొదలై, పెరిగి పెద్దదై, 2019 ఫిబ్రవరిలో సీక్వెల్ అని ప్రకటించారు. ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేదు. అభిమానులు హాయిగా ఉన్నారు, ప్రతి గేమ్ షోలోనూ ఈసారైనా వస్తుందేమోనని జోకర్ ముక్కులు పెట్టుకుని మరీ ఎదురుచూశారు. ఇంత ఆలస్యం ఎందుకయ్యా అంటే, పని సరదాగా ఉండి చేసుకుంటూ పోయామన్నారు. నేను లేచి చప్పట్లు కొట్టాను. అంతలో ఏం రోగమొచ్చిందో 2025 సెప్టెంబరు 4న విడుదల చేసేశారు. జనం ఎగబడితే స్టీమ్ లాంటి అమ్మకం సైట్లే కాసేపు పడిపోయాయి. పైగా గేమ్ బాగుందట. ఆరున్నరేళ్లుగా దానిమీద బతుకుతున్న వాళ్లని రోడ్డున పడేశారు. బియాండ్ గుడ్ అండ్ ఈవిల్ 2 అనే గేమ్ వాళ్లని చూసి నేర్చుకోవాల్సింది, 2008లో మొదటిసారి చూపించారు, నేటికీ బయటపెట్టకుండా మాట నిలబెట్టుకుంటున్నారు.

ఇంతలో మా రేకుల గదిలోనే ఘోరం జరిగింది. పోయిన ఆదివారం టీమ్‌లో కొత్తగా చేరిన పాలిటెక్నిక్ పిల్లోడు, పాపం చెప్పేవాళ్లు లేక, రెండు రాత్రులు కూర్చుని ఒక లెవెల్ పూర్తి చేసేశాడు. బస్టాండు నుంచి లీలామహల్ సర్కిల్ దాకా. శ్రీనివాస సేతు స్తంభాలు, అడ్డంగా వచ్చే ఆవు, ఆటో వెనక వేలాడే ముసలాయన, అన్నీ కదులుతున్నాయి. మా అమ్మ చేతికిచ్చారు. ఆమె అరగంట ఆడింది, పదమూడు మందిని ఎక్కించింది, ఇద్దరిని దారిలో పారేసింది, "ఇంకో తూరి పెట్టరా అబ్బోడా" అంది.

గదిలో ఎవరికీ నోట మాట రాలేదు. మా మేనల్లుడి మొహం తెల్లబడిపోయింది. "ఇప్పుడెట్టా మామా? బాగుండాదే!" అన్నాడు వణుకుతూ.

నేనే ధైర్యం చెప్పాను. అప్పటికప్పుడు మీటింగ్ పెట్టి, ఆ లెవెల్‌ని పార్ట్ త్రీ ఫోల్డర్‌లోకి మార్పించాను. వదిలేసిన ఐడియాల మీద గంటసేపు డాక్యుమెంటరీ తీయాలని తీర్మానం చేశాం, ముందుమాట నాది. ఆ పిల్లోడిని గట్టిగా మందలించాం. అలవాటుగా ఇంజిన్ కూడా మార్చాలనుకున్నాం. మా వాడు ఆ ముక్క చెప్పడానికి మెట్లు దిగి వెళ్తే, మా అక్క రుబ్బురోలు దగ్గర్నుంచి తలెత్తి కాసేపు వాడిని చూసి అడిగింది.

"ఈసారి బండే మార్చేస్తే పోలా?"