మలుపులో బలాలు రద్దు కావు

సింహాచలం ఘాట్ రోడ్డు మలుపు బొమ్మతో ఒక సందేశం విశాఖ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులలో తిరుగుతోంది. మలుపులో బస్సుపై అభికేంద్ర బలం లోపలికి, అపకేంద్ర బలం బయటికి సమానంగా పనిచేస్తాయని, న్యూటన్ మూడో నియమం ప్రకారం ఈ చర్య, ప్రతిచర్యలు ఒకదానినొకటి రద్దు చేసుకోవడం వల్లనే బస్సు లోయలో పడదని, అంతరిక్ష కేంద్రం కూడా అలాగే నిలుస్తుందని, బరువైన వాహనమే ముందుగా జారుతుందని దాని సారాంశం.

బలాలు నిజంగా రద్దయితే బస్సు మలుపు తిరగనే తిరగదు. ఫలిత బలం శూన్యమైతే కదిలే వస్తువు సరళరేఖలోనే పోతుంది. ఘాట్ రోడ్డులో సరళరేఖ అంటే లోయకే దారి. పైగా చర్య, ప్రతిచర్యలు ఎన్నడూ ఒకే వస్తువుపై పనిచేయవు. రోడ్డు టైరును లోపలికి నెడుతుంది, టైరు రోడ్డును బయటికి నెడుతుంది. ఈ రెండోది రోడ్డుపై పడే బలం, దానిని బస్సు ఖాతాలో రాయడం తప్పు.

మరి మనం బయటి వైపుకు ఎందుకు ఒరుగుతాం? కొండ దిగే బస్సులో సీటు కింద పెట్టిన అనాసపండును గమనించండి. మలుపు రాగానే అది బయటి వైపుకు దొర్లుతుంది. రోడ్డు పక్కన నిలబడి చూసేవారికి మాత్రం పండు దాదాపు తన పాత దిశలోనే పోతుంటుంది, దాని కిందనున్న బస్సే లోపలికి తిరుగుతుంది. చివరకు బస్సు గోడ తగిలి, పండును లోపలికి నెట్టి, తనతోపాటు తిప్పుతుంది. బస్సుతోపాటు తిరిగే నిర్దేశ చట్రంలో, అంటే బస్సులో కూర్చున్నవారి చూపుతో, లెక్క కట్టేవారు అపకేంద్ర బలాన్ని మిథ్యా బలంగా, అంటే ఏ వస్తువూ నెట్టకున్నా లెక్క కుదరడానికి కలిపే బలంగా, చేర్చుకోవచ్చు, ఆ చట్రంలో బస్సు నిశ్చలం కనుక అక్కడ బలాలు రద్దు కావడమూ సబబే. సందేశకర్త రోడ్డు మీద నిలబడి, లెక్కను మాత్రం బస్సులోంచి అరువు తెచ్చుకున్నారు.

అంతరిక్ష కేంద్రం తిరిగే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వ త్వరణం సెకను వర్గానికి దాదాపు 8.7 మీటర్లు, అంటే నేల మీది విలువలో తొంభై శాతానికి దగ్గర. సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ కేంద్రాన్ని కక్ష్యలో వంచుతున్నది ఈ గురుత్వమే. అది రద్దయితే కేంద్రం స్పర్శరేఖ వెంట వెళ్లిపోయేది.

ఇక బరువు సంగతి. 20 మీటర్ల వ్యాసార్ధపు మలుపును గంటకు 36 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే సెకను వర్గానికి 5 మీటర్ల త్వరణం కావాలి. సమతలమైన రోడ్డుపై దానికి ఘర్షణ గుణకం, అంటే దొరికే గరిష్ఠ ఘర్షణకూ బస్సు బరువుకూ ఉన్న నిష్పత్తి, సగానికి కాస్త పైన ఉండాలి. వేగం సగమైతే అందులో నాలుగో వంతు చాలు. కావలసిన బలమూ, దొరికే గరిష్ఠ ఘర్షణా రెండూ ద్రవ్యరాశితో సమానంగా పెరుగుతాయి కనుక, ఈ వ్యవహారంలో నిజంగా రద్దయ్యేది ద్రవ్యరాశి ఒక్కటే. టాపు మీద సరుకు ఎక్కించిన బస్సు పల్టీ కొట్టే ప్రమాదం పెరగడం నిజమే గాని, దానికి కారణం గురుత్వ కేంద్రం ఎత్తుకు చేరడం.