ఓటరుకి తెలివి లేదట!

ఒడిశాలోని మా బరంపురంలో ఓడిపోయిన నాయకుడొకాయన తెగ కుమిలిపోతున్నారు. ఓడినందుకు కాదు, జనానికి అవగాహన లేనందుకు. గిరి రోడ్డులో టీ కొట్టు దగ్గర ఇదే మాట, పెళ్లి భోజనాల బంతిలో ఇదే మాట. ఆఖరికి ఒకరింటికి పరామర్శకి వెళ్లి, శవం లేవకముందే అరుగు మీద కూర్చుని కూడా ఇదే: "ఇంత సేసినాం బావూ! ఓటరుకి తెలివి నేదు, ఏటి సేస్తాం?" లోపల పడుకున్నాయన కూడా ఆ వార్డు ఓటరేనని ఎవరికీ తోచలేదు. ఆయనకి తోచినా చెప్పే స్థితిలో లేరు.

ఆరోపణ చిన్నది కాదు. తేలిగ్గా కొట్టిపారేయకుండా, తగిన గౌరవంతో విచారించాల్సిందే.

మొదటి చిక్కు ఏమిటంటే, ఈ అజ్ఞానం ఎప్పుడు పట్టుకుందన్నది. లెక్కింపు మొదలయ్యేవరకూ వీళ్లు "విజ్ఞులైన ఓటరు మహాశయులు". మైకులో అలాగే పిలిచారు, మేమంతా విన్నాం. ఆధిక్యం నిలిచినన్ని రౌండ్లూ విజ్ఞులే. అది కాస్తా తారుమారైన రౌండులో ఒక్కసారిగా ఊరు ఊరంతా మతి పోగొట్టుకుంది. అంత వేగంగా పాకే జబ్బు వైద్యశాస్త్రంలో ఇంకోటి ఉన్నట్టు లేదు. అంతకుముందు ఎన్నికల్లో ఆయన్ని గెలిపించింది కూడా ఇదే బుర్రలేని జనం కదా అని అడిగితే మాత్రం ఆయనకి వెంటనే ఫోనొస్తుంది.

ఓడిన ప్రతి పార్టీ ఓ ఆత్మపరిశీలన సమావేశం పెడుతుంది. ఏ పార్టీదైనా ఒకటే తీరు కాబట్టి పేరు చెప్పను. ఎవరికి నచ్చిన జెండా వాళ్లు ఊహించుకోవచ్చు.

సమావేశం కల్యాణ మంటపంలో. ఎందుకంటే అది విజయోత్సవానికి ముందే మాట్లాడి పెట్టింది. వంటాయనకి అడ్వాన్సు ఇచ్చేశారు. అడ్వాన్సు వెనక్కివ్వడం ఆయన వంశంలో లేదు. కాబట్టి దుఃఖం పులిహోరతో మొదలై ఛెనాపోడో మిఠాయితో ముగుస్తుంది. వేదిక వెనక ఫ్లెక్సీ కూడా పాతదే. "విజయోత్సవ సభ" అని అచ్చేయించి పెట్టుకున్నారు. "విజయోత్సవ" మీద తెల్లకాగితం అంటించి, దాని మీద స్కెచ్ పెన్నుతో "ఆత్మపరిశీలన" అని రాశారు. అంటించిన కుర్రాడు మైదా జిగురు పొదుపుగా పూశాడు. ఫ్యాను వేయగానే కాగితం లేస్తుంది, వెనకాల విజయం మెరుస్తుంది. అందుకని ఫ్యాన్లు ఆపించారు. బరంపురంలో, జూన్ నెలలో!

చెమటలు కక్కుతూ ఆత్మపరిశీలన మొదలైంది. యువజన విభాగం నాయకుడు లేచి ఓటమికి ఎండ కారణమన్నాడు. అవతలి పార్టీ వాళ్లు అదే ఎండలో ఓటేశారు కదా అని ఎవరో గొణిగితే, వాళ్లకి గొడుగులు పంచారని జవాబొచ్చింది. ఇంకొకాయన గద్గద స్వరంతో డబ్బు సంగతి ఎత్తుకున్నారు. "వాళ్లు డబ్బిచ్చి కొన్నారు" అని బాధపడతారనుకుంటే పొరపాటు. "మనకంటే ఎక్కువిచ్చారు" అని బాధ. అంతకంటే పెద్ద బాధ, మన దగ్గర పుచ్చుకుని వాళ్లకి వేశారట. నీతి అన్నది లేకుండా పోయిందని సభ మొత్తం తల ఊపింది. అవినీతి సొమ్ముకి కూడా రసీదు ఉండాలన్న ఆదర్శం మొట్టమొదట ఆ సభలోనే వినబడింది. మూడో ఆయనది వాస్తు. మంటపం గుమ్మం దక్షిణానికుందట. నాలుగో ఆయన లేచేసరికి ముందు వరసలో ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయారు. గబగబా ఫ్యాను వేశారు. కాగితం లేచింది. కళ్లు తెరుస్తూనే ఆవిడకి "విజయోత్సవ" కనబడింది. గెలిచేసినాం కాబోలని లేచి చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నిజాయితీగా వినబడ్డ చప్పట్లు అవొక్కటే.

వెనక వరసలో బిజిపూర్ వైపు నుంచొచ్చిన ముసలి బూత్ ఏజెంటొకడు కూర్చున్నాడు. ఒళ్లో అట్ట ఊడిన నోటుపుస్తకం. ఇంటింటి లెక్కా అందులో ఉంది: ఎవరి కొడుకులు సూరత్ మగ్గాలకి పోయారు, ఎవరు పోలింగుకి వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరింట్లో వృద్ధాప్య పింఛను ఆగింది, ఏ వీధి ఆడవాళ్లు నీళ్ల ట్యాంకరు దగ్గర ఏమనుకుంటున్నారు. లేచి నిలబడి "మా వీధి కుళాయి..." అన్నాడో లేదో వేదిక మీదనుంచి కేక: "కూకో తాతా! ఇది ఆత్మపరిశీలన. ఫిర్యాదులు సెప్పుకునే సోటు కాదు." కూర్చున్నాడు. ఎందుకు ఓడామన్న ప్రశ్నకి జవాబు ఆ పుస్తకంలో పేజీలకి పేజీలుంది. వెళ్లేటప్పుడు దానికి బదులు ఛెనాపోడో ఇంకో ముక్క పెట్టారు. చివరికి తీర్మానం ఏకగ్రీవం: ఓటర్లు తప్పుదోవ పట్టారు.

నవ్వులాట పక్కన పెట్టి 2024 లెక్కే చూద్దాం. ఒడిశాలో 24 ఏళ్లు ఏలిన బిజూ జనతాదళ్ 147 స్థానాల్లో 51కి పడిపోయింది. బీజేపీకి 78. బిజూ జనతాదళ్‌కి లోక్‌సభలో ఒక్క సీటూ రాలేదు. అయితే అసెంబ్లీకి పడ్డ ఓట్లు చూడండి: ఓడిన పార్టీకి 40.2 శాతం, గెలిచిన పార్టీకి 40.1 శాతం. రవ్వంత ఎక్కువమంది ఓటేసిన పార్టీ ఇంటికి పోయింది. ఇక ఓటరుని తిట్టాలంటే ఏ ఓటరుని తిట్టాలి? మీకు ఎక్కువగా వేసినవాడినా? ఆ పార్టీ అధినేత, అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ సొంత నియోజకవర్గం హింజిలిలో 2019లో అరవై వేలు దాటిన ఆధిక్యం 2024లో 4,636కి దిగింది. కాంటాబాంజిలోనూ నిలబడ్డారు గానీ అక్కడ ఓడారు. హింజిలి జనం గెలిపించారు, గెలిపిస్తూనే చెవి మెలేశారు. అంత కొలిచి వడ్డించినవాళ్లకా అవగాహన లేనిది?

ఓటరుకి సమాచారం అందాలంటారు. సరే, ఏమందిందో చూద్దాం. మా బరంపురం లోక్‌సభకి 2019లో బీజేపీ కమలం గుర్తు మీద పోటీ చేసినాయన 2024లో బిజూ జనతాదళ్ శంఖం గుర్తుతో వచ్చారు. శంఖం పార్టీలో ఎమ్మెల్యేగా ఉండి బహిష్కరణకి గురైనాయన కమలంతో వచ్చారు. ఇద్దరూ ఎదురెదురు. అయిదేళ్ల కిందట ఒకరి పార్టీని ఒకరు ఏమేం తిట్టారో మాకు కంఠతా వచ్చు. ఇప్పుడా తిట్లు ఎవరికి ఎవరివి చెందుతాయో పంచలేక చచ్చాం. ఈ దిక్కుమాలిన పజిలులో ఏదో ఒక మీట నొక్కి బయటపడ్డ ఓటరుకి పట్టా ఇవ్వాలి. తెలివి లేదంటారా?

ఈ ఊరి ఓటరు పార్టీనీ మనిషినీ విడదీసి చూడగలడని ఇవాళ కొత్తగా తెలిసింది కూడా కాదు. 1996లో దేశమంతా కాంగ్రెస్ కూలుతుంటే పి.వి. నరసింహారావుని బరంపురం గెలిపించింది. నంద్యాలలోనూ గెలిచిన ఆయన దాన్ని వదులుకుని దీన్ని ఉంచుకున్నారు.

తెలివైన ఓటరుని కళ్లారా చూడాలంటే కొటియా కొండలెక్కాలి. 21 ఊళ్లు. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోవని ఒడిశా అంటుంది, సాలూరు మండలంలోవని ఆంధ్ర అంటుంది. 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కిన తగాదా. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర వాళ్లు అందులో మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెట్టేస్తే, ఒడిశా కోర్టు ధిక్కారమంటూ మళ్లీ పరిగెత్తింది. 2024 మే 13న రెండు రాష్ట్రాల పోలింగూ ఒకే రోజు పడింది. పొద్దున ఓ బూతు, మధ్యాహ్నం ఇంకో బూతు అన్నట్టుగా చాలామంది రెండు చోట్లా ఓటేశారని పత్రికలు రాశాయి. చట్టం ఒప్పుకోదు నిజమే. కానీ ఆ ఊరు ఎవరిదో చట్టమే ఇంతవరకూ తేల్చలేదు, వాళ్లనేమనాలి? రెండు ప్రభుత్వాలు పోటీపడి రోడ్డేస్తామంటే వెయ్యమన్నారు, రెండు రేషన్లిస్తామంటే సంచి పట్టారు. రెండు రాష్ట్రాల మంత్రుల మాటలు విని, ఎవరిది వట్టిమాటో ఎవరిది గట్టిదో పోల్చి చూసే భాగ్యం దేశంలో ఇంకెవరికుంది? నన్నడిగితే ప్రతి ఊరికీ రెండు రాష్ట్రాలుండాలి. తుపాకీ లేని పోటీ ఒకటి పెడితే కుళాయిలో నీళ్లవే వస్తాయి.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. సుభద్ర పథకం కింద 50,000 రూపాయల వోచరు, రెండేళ్లలో మార్చుకోవచ్చు అన్నది బీజేపీ మేనిఫెస్టో మాట. అధికారం వచ్చాక ఏడాదికి 10,000 చొప్పున అయిదేళ్లు అయింది. మొదటి విడత వచ్చినప్పుడు మా పక్కింటి అత్తగారు బ్యాంకు పాసుపుస్తకం చూసుకుని అన్న మాట: "రెండేళ్లన్నారు, అయిదేళ్లన్నారు. మిగతాది వచ్చేసరికి ఎన్నికలొస్తాయి కదుటే." ఆవిడ నిశాని. లెక్క మాత్రం ఆర్థిక శాఖ కంటే ముందే తేల్చేసింది.

ఇక అసలు కడుపుమంట.

2024 ఎన్నికల్లో ఒడిశా ఆత్మగౌరవం పేరుతో నడిచిన ప్రచారమంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగింది. వి.కె. పాండియన్. తమిళనాడులో పుట్టిన ఐఏఎస్. ఒకప్పుడు మా గంజాం కలెక్టరు. 2023లో ఉద్యోగం వదిలి బిజూ జనతాదళ్‌లో చేరారు. ఎన్నిక కాని ఆయన చేతిలో అంత అధికారం పెట్టడం తప్పంటే తప్పే. పార్టీ కార్యకర్త గుమ్మం బయట నిలబడి ఉంటే తలుపు లోపల ఆయనున్నారంటే అదీ నిజమే. ఓటమికి అదొక్కటే చాలు. కానీ విమర్శ అక్కడ ఆగిందా? పూరీ జగన్నాథుడి రత్నభాండాగారం తాళంచెవి తమిళనాడు చేరిందని ప్రధానమంత్రే సభల్లో అన్నారు. తర్వాత 2024 జూలైలో తాళాలు పగలగొట్టి భాండాగారం తెరిచారు. తాళంచెవి తమిళనాడులో దొరికిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పాండియన్ అంతకుముందే రాజకీయాలు వదిలేశారు కాబట్టి అడిగినవాళ్లూ లేరు.

ఆ రోజుల్లో "బయటివాడు" అన్న కేక మైకులోంచి వస్తుంటే మా వీధిలో ఎవరూ నవ్వలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేనాటికే మా తాతలు ఇక్కడ మగ్గం నేస్తున్నారు. అంతకుముందు ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. మేం ఎక్కడికీ రాలేదు, గీత మా మీదుగా వెళ్లింది. వి.వి. గిరి పుట్టిన ఊరిది. ఇక్కడి జనం ఒడియాలో బేరమాడి తెలుగులో ఏడుస్తారు, ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఠాకురాణి యాత్రకి అందరిదీ ఒకే తోపులాట. అలాంటి చోట ఓట్ల కోసం ఒకణ్ణి భాష పేరు చెప్పి వేలెత్తి చూపితే, ఆ వేలు రేపు ఎవరివైపు తిరుగుతుందో మాకు తెలీదనుకున్నారా? గెలిచిన పార్టీకి ఆ మాట అనడానికి సిగ్గు లేకపోయింది. ఓడిన పార్టీకి ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. మా తెలుగు పెద్దమనుషులు రెండు వేదికల మీదా శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు లేచి "అయ్యా, మరి మేమో?" అని అడగలేదు!

వీళ్లా మాకు అవగాహన లేదనేది? మాకు అవగాహన కలిగించే పని ఎవరిది? అభ్యర్థి ఆస్తులు, కేసులు ఓటరుకి తెలియాలని 2002లో సుప్రీంకోర్టు చెబితే దాన్ని ఎలా తప్పించుకుందామా అని పార్టీలన్నీ ఏకమైపోయాయి. ఎన్నికల బాండ్ల పేరుతో పార్టీలకి వేల కోట్లు ఎవరిచ్చారో ఆరేళ్లు దాచారు. 2024 ఫిబ్రవరి 15న ఓటరుకి తెలుసుకునే హక్కుందంటూ కోర్టే వాటిని కొట్టేయాల్సి వచ్చింది. అన్నీ దాచిపెట్టినవాళ్లే వచ్చి నీకేమీ తెలీదని మమ్మల్ని కసురుతారు. మేనిఫెస్టో మా ముసలమ్మలు చదవలేని లిపిలో ఇస్తారు. వాళ్లకర్థమయ్యే భాషలో అందేది ఒక్కటే, ఆటో మీద మైకులో తెలుగు పాట. అదీ పోలింగుకి ముందు రెండు వారాలు. చెవులు పగిలేలా తెలుగు, గుమ్మం గుమ్మానికీ "అక్కా, అమ్మా, బావూ". పోలింగు మర్నాటి నుంచి మళ్లీ మా భాష ఎవరికీ రాదు. బడిలో తెలుగు పంతులుగారు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ, తెలుగు పుస్తకాలు సగం ఏడాదికి గానీ రావు. పిల్లలకి వాళ్ల అక్షరాలు నేర్పనివ్వరు గానీ వాళ్ల అమ్మలకి చైతన్యం కావాలట!

పంచాయతీలకీ మున్సిపాలిటీలకీ ఒడిశాలో ఎన్నికలు జరిగింది 2022లో. అయిదేళ్ల గడువు ముగిసేసరికి తెలుగు పాట ఆటో మళ్లీ మా సందులోకొస్తుంది. పాట ఏదైనా పెట్టుకోండి, అభ్యంతరం లేదు. వెనక సీట్లో మాత్రం ఓ తెలుగు పంతులుగార్ని కూర్చోబెట్టి తీసుకురండి, పోస్టింగు ఆర్డరుతో సహా. కరపత్రం చాలదు. ఆర్డరు మీద సంతకం ఎవరిదో, తేదీ ఏదో అత్తగారు నాచేత చదివించుకుంటారు.