మోడల్ నంబరు గారికి ఓ మనవి

మహారాజశ్రీ మోడల్ నంబరు గారికి,

ఒహాయో నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఎక్కడున్నారో తెలియక మాత్రం టెన్షన్‌గా ఉంది.

మా పక్కింటి పెద్దావిడకి, భర్త పోయాక అల్మారాలో ఆయన పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ దొరికింది. ఆన్‌లైన్ ఇన్సూరెన్స్ ఫారంలో 'మోడల్ నంబర్' అని ఒక గడి. నేను ఇండియన్ని, కాబట్టి ఇంజనీర్ని, కాబట్టి అన్నీ తెలిసినవాణ్ణి అని ఆవిడ లెక్క. నేను చేసేది జీతాల సాఫ్ట్‌వేర్. తూటాలు లేవని ఆవిడ రెండుసార్లు, నేను మూడుసార్లు చూసుకున్నాక వెతుకులాట మొదలైంది.

బ్యారెల్ పక్కన 38 అని కనబడితే తమరే అనుకున్నాను. అది తూటా రకమట. పోనీ ఆ తూటా అయినా 0.38 అంగుళాలు ఉంటుందా అంటే, 0.357. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు.

బ్యారెల్ మీద 'డిసెంబర్ 29, 14' అని ఉంది. "1914లో పుట్టిందా!" అని ఆవిడ మురిసిపోయింది. అది పేటెంటు వచ్చిన తేదీ అనీ, తర్వాత ఏళ్ల తరబడి అదే తేదీ కొట్టారనీ చెప్పేసరికి నాకు రెండు కాఫీలయ్యాయి. పిడి అడుగునున్నది సీరియల్ నంబరు. అంటే దాని ఆధార్ లాంటిది, తమరు కాదు.

తమరి అసలు చిరునామా వేరే. తూటాలు పెట్టే సిలిండర్‌ను బయటికి తెరిస్తే, దాన్ని మోసే చెయ్యి ఫ్రేములో ఒదిగే సందు. అప్పిచ్చినవాడు తరిమినా మనిషి అంత ఇరుకులో దాక్కోడు. ఫోన్ లైటు వేసి చూస్తే అయిదంకెల నంబరు! గంటసేపు వెతికాక తెలిసింది, విడిభాగాలు కలిసిపోకుండా ఫ్యాక్టరీవాళ్లు వేసుకునే లాండ్రీ గుర్తు అని.

తమరి వేషాలు కూడా చదివాను. 10-5 అని చూసి హైదరాబాద్ డోర్ నంబరనుకుని పక్కన 'బై ఏ' కోసం వెతికాను. పది మోడల్, గీత తర్వాతది మార్పుల లెక్క. కాల్చిన తూటాల తొడుగులను బయటికి నెట్టే ఎజెక్టర్ కడ్డీ మర తిరిగే దిక్కు మార్చినా తమరి గీత పక్కన అంకె పెరగాల్సిందే. ఇక ఆరు తూటాల 'మిలిటరీ అండ్ పోలీస్'కి 10, అయిదు తూటాల 'చీఫ్స్ స్పెషల్'కి 36. ఇదేం లెక్కండీ?

తమరి వంశానికి ఇది కొత్త కాదు లెండి. 1857లో మోడల్ 1, 1861లో మోడల్ 2 చేసి, ఆ తర్వాత తాపీగా మోడల్ 1½ చేసిన ఇల్లు అది. రెండోవాడు పుట్టాక ఒకటిన్నరవాడు!

ఆ సందులో ఇంకేమీ లేదు. తమరు వచ్చిందే 1957లో. ఈ రివాల్వర్ అంతకంటే ముందుది. 1899 నుంచీ ఆ రకానికి 'మిలిటరీ అండ్ పోలీస్' అనే పేరుండేది, అంతే. కానీ అంకెలు తప్ప ఇంకేదీ తీసుకోని ఆ గడి ఇంకా ఎర్రగానే ఉంది. తమరికి అభ్యంతరం లేకపోతే 10 అని వేసుకుంటాం.

ఇట్లు,
తమరి జాబు కోసం ఎదురుచూస్తూ,
పక్కింటి ఇంజనీరు

తా.క.: ఆవిడ దగ్గర ఇంకో అల్మారా ఉందట. తాళం వెతుకుతోంది.